అండమాన్ ట్రిప్: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లు టికెట్ కొనే ముందు చూసుకోవాల్సినవి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన జిల్లాల్లో టీవీ పెడితే తప్పకుండా వినిపించే మాట "అండమాన్ సమీపంలో అల్పపీడనం". ఆ మాట వింటే మైపాడులో పడవలు ఒడ్డుకు చేరతాయి, నారు పోసిన రైతు మబ్బుల వంక చూస్తాడు, రొయ్యల చెరువులవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. అదే మనం దసరాకో దీపావళికో అండమాన్ ప్యాకేజీ కొనేటప్పుడు మాత్రం ఈ మాట గుర్తుకు రాదు. ఆఫర్ ఉందా, హోటల్ బీచ్ పక్కనే ఉందా, టిఫిన్ ఫ్రీనా అని అడుగుతాం. వెళ్లాక వానలో గది కిటికీ లోంచి సముద్రం చూసి వస్తాం.

అండమాన్ ట్రిప్ చెడిపోయేది డబ్బు చాలక కాదు, ప్లాన్ తలకిందులుగా వేసుకోవడం వల్ల. మనం ముందు ఫ్లైట్, తర్వాత హోటల్, చివర్లో బోటు చూసుకుంటాం. అక్కడ ముందు చూడాల్సింది కాలం. ఆ తర్వాత బోటు. హోటల్ అన్నిటికంటే చివర. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను.

కాలం సంగతి

మన ఎండాకాలం లెక్క అక్కడ పనికిరాదు. నైరుతి రుతుపవనాలు కేరళను తాకేది జూన్ మొదట్లో. అంతకంటే ముందే, మే మూడో వారం ప్రాంతంలో అవి అండమాన్ చేరతాయి. నెల్లూరులో రోహిణి కార్తె ఎండలు ఇంకా మాడుస్తుండగానే అక్కడ వానాకాలం మొదలైపోతుంది. పైగా నైరుతి మనకు ఇచ్చే వాన కొంచెమే, మన చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలతో. అండమాన్‌కు రెండూ కావాల్సినంత వాన ఇస్తాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు, అంటే నెల్లూరులో పడేదానికి దాదాపు మూడు రెట్లు.

మే చివరి నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం కోపంగా ఉంటుంది, నీళ్లు మసకబారతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య దాకా అల్పపీడనాల భయం. 2016 డిసెంబర్ మొదటి వారంలో హావ్‌లాక్, నీల్ దీవుల్లో వందలాది మంది పర్యాటకులు బోట్లు ఆగిపోయి చిక్కుకుపోయారు. నేవీ ఓడలు వెళ్లి వాళ్లను తీసుకొచ్చాయి. ఆ వాయుగుండమే వర్దా తుపానుగా మారి డిసెంబర్ 12న చెన్నై దగ్గర తీరం దాటింది. మనం గమనించాల్సింది ఇక్కడే. అక్కడ పుట్టిన తుపాను చాలాసార్లు వచ్చి తగిలేది మన తీరానికి. అంటే అక్కడ బోటు ఆగుతుంది, ఇక్కడ ఇంటికి వచ్చే దారీ ఆగుతుంది. 2021 నవంబర్ వరదల్లో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు రోజు చెన్నై ఎయిర్‌పోర్టునే మూసేశారు. నవంబర్‌లో టికెట్ చవగ్గా దొరికిందంటే కారణం ఇదే అనుకోండి.

మంచి కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అందులోనూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం నిదానంగా ఉంటుంది, నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. పిల్లలు లేనివాళ్లు, రిటైరైనవాళ్లు ఇంకో ఆలోచన లేకుండా ఈ నెలలు పట్టుకోవచ్చు. చిక్కల్లా బడి పిల్లలున్న ఇళ్లకే. ఫిబ్రవరి, మార్చి అంటే పరీక్షలు. సంక్రాంతి సెలవుల్లో వాతావరణం బాగుంటుంది కానీ దేశం మొత్తం అప్పుడే కదులుతుంది, రేట్లు మండిపోతాయి. నా లెక్కలో మన కుటుంబాలకు సరిపోయే సమయం వేసవి సెలవులు ఇచ్చిన వెంటనే, అంటే ఏప్రిల్ చివరి వారం నుంచి మే 10 లోపు. ఎండ, ఉక్కపోత ఉంటాయి, అవి మనకు కొత్త కాదు. "మే నెలాఖరుకు వెళ్దాంలే, పిల్లలకు సమ్మర్ క్యాంప్ అయిపోతుంది" అని వాయిదా వేసేవాళ్లే ఎక్కువగా దెబ్బతినేది.

జూలై, ఆగస్టుల్లో సగం రేటుకు ప్యాకేజీ వస్తే మోసం అనను. సెల్యులార్ జైలు చూడొచ్చు, వానలో తడిసిన అడవి చూడొచ్చు. నీళ్లలో దిగే ఆశ మాత్రం పెట్టుకోకూడదు.

గడియారం ఒకటే, పొద్దు వేరు

నెల్లూరు, అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లెయిర్ ఒకే బంగాళాఖాతానికి చెరో ఒడ్డు. కానీ పోర్ట్‌బ్లెయిర్ మనకు దాదాపు 13 డిగ్రీలు తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి పొద్దు 4 నిమిషాలు ముందుకు జరుగుతుంది కాబట్టి అక్కడ సూర్యుడు మనకంటే 50 నిమిషాలు ముందే ఉంటాడు. గడియారంలో టైమ్ మాత్రం దేశమంతా ఒకటే. దాంతో జనవరి మధ్యలో నెల్లూరులో సాయంత్రం 6కి పొద్దుగూకితే అక్కడ 5.15కే చీకటి మొదలవుతుంది. ఏప్రిల్ చివర ఉదయం 5 గంటలకే తెల్లగా తెల్లవారుతుంది.

వినడానికి చిన్న విషయమే కానీ రోజు మొత్తం దీని మీదే నడుస్తుంది. మనవాళ్లు సెలవులో ఉన్నాం కదా అని 8కి లేచి, స్నానాలు, టిఫిన్లు కానిచ్చి 10.30కి బయటపడతారు. ఆ ఊరికి అది మధ్యాహ్నం కిందే లెక్క. స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగు చూడటం), చిన్న దీవులకు వెళ్లే బోట్లు అన్నీ పొద్దున్నే బయల్దేరతాయి, మధ్యాహ్నం 3 దాటితే సర్దేస్తుంటారు. హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ సూర్యాస్తమయానికి పేరు పొందింది. టైమ్ పత్రిక 2004లో ఆసియాలోనే ఉత్తమ బీచ్ అన్నది దాన్నే. అక్కడికి 5.30కి వెళ్తే చూసేది చీకటినే. 3.30కల్లా చేరాలి. నీళ్లలో ఒక గంట, ఇసుక మీద ఒక గంట గడిపాక ఎదురుగా పొద్దు సముద్రంలోకి దిగుతుంది. తూర్పు తీరంలో పుట్టిన మనకు సముద్రంలోంచి పైకొచ్చే సూర్యుడే తెలుసు. నీళ్లలోకి దిగే సూర్యుణ్ణి చూడటం అందుకే అంత బాగుంటుంది.

ఉదయం 5కి లేచి, మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీసి, రాత్రి 9కల్లా పడుకుంటే అండమాన్ మీది. పిల్లలకు మొదటి రోజే ఈ సంగతి చెప్పి పెట్టండి.

బోటు ముందు, హోటల్ తర్వాత

పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. ప్యాకేజీవాళ్లు పాత పేర్లు రాస్తారు, టికెట్ల మీద కొత్త పేర్లు ఉండొచ్చు. వేరే ఊరికి టికెట్ ఇచ్చారేమో అని కంగారు పడక్కర్లేదు.

ఈ దీవుల మధ్య వంతెనలు లేవు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి బోటే గతి. మక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటి ప్రైవేటు ఫెర్రీలు పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు గంటన్నర నుంచి రెండున్నర గంటలు తీసుకుంటాయి. ప్రభుత్వ ఫెర్రీకి టికెట్ బాగా తక్కువ, ప్రయాణం కొంచెం ఎక్కువ, సీటు దొరకడం కష్టం. సీజన్‌లో మంచి టైమ్‌లో వెళ్లే ఫెర్రీలు ముందే నిండిపోతాయి. హోటల్ ముందు బుక్ చేసుకుని, ఆ తేదీకి బోటు లేక గది డబ్బులు వదులుకునేవాళ్లు అందుకే ఉంటారు. ముందు ఫెర్రీ టికెట్లు చేతికి రావాలి, ఆ తేదీలను బట్టి గదులు.

సముద్రం బాగాలేకపోతే పోర్టు అధికారులు బోట్లు ఆపేస్తారు. రద్దయిన ఫెర్రీ టికెట్ డబ్బులు తిరిగి ఇస్తారు. తప్పిపోయిన ఫ్లైట్ డబ్బులు ఎవరూ ఇవ్వరు. కాబట్టి ప్లాన్‌ను వెనక నుంచి వేయండి. తిరుగు ఫ్లైట్‌కు ముందు రోజు రాత్రి ఏం జరిగినా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. హావ్‌లాక్ నుంచి పొద్దున ఫెర్రీ దిగి అదే మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కేలా వేసిన ప్యాకేజీ ఎంత చవకైనా వద్దనండి.

నేనైతే ఇలా వేస్తాను. మొదటి రోజు దిగాక పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండి సెల్యులార్ జైలు చూడటం. మర్నాడు పొద్దున హావ్‌లాక్, అక్కడ రెండు రాత్రులు. అక్కడి నుంచి నీల్, ఒక రాత్రి. నీల్ నుంచి తిరిగి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి ఒక రాత్రి, ఆ మర్నాడు ఫ్లైట్. ఐదు రాత్రులు. మూడు రాత్రుల ప్యాకేజీలో సగం సమయం జెట్టీల దగ్గర లగేజీ పట్టుకుని నిలబడటానికే పోతుంది. అంతే సెలవు ఉంటే నీల్ వదిలేసి హావ్‌లాక్ ఒక్కటే పెట్టుకోండి.

ప్రైవేటు ఫెర్రీలు చాలావరకు ఏసీ వేసి మూసేసిన హాలులా ఉంటాయి. గాలి ఆడక, అలల ఊపుకు వాంతులు అవుతాయి. బస్సు పడనివాళ్లు ఎక్కడానికి అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. ఆ పూట పూరీ, మసాలా దోశ మానేసి రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోండి. సీటు ఎంచుకునే వీలుంటే కింది అంతస్తులో, మధ్యలో తీసుకోండి. ఊపు తక్కువ తెలుస్తుంది.

స్కూబా డైవింగ్ ఏ రోజున?

స్కూబా అంటే వీపు మీద గాలి సిలిండర్‌తో నీళ్ల లోపలికి దిగడం. ఈత రాకపోయినా చేయొచ్చు, మనిషికో శిక్షకుడు పట్టుకుని దింపుతాడు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దిగకూడదు. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగాలి. పదేళ్లు నిండని పిల్లలను దించరు. నీళ్లలో లోతుకు వెళ్లేకొద్దీ చెవులు నొప్పి పుడతాయి, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే తగ్గుతుంది. జలుబు ఉంటే ఆ పని జరగదు, కాబట్టి జలుబుతో దిగొద్దు. ఇవన్నీ అక్కడివాళ్లు కూడా చెప్తారు.

చాలామంది పట్టించుకోనిది రోజు విషయం. వీపు మీది సిలిండర్‌ను ఆక్సిజన్ అంటాం కానీ అందులో ఉండేది మామూలు గాలే, ఎక్కువ భాగం నైట్రోజన్. పది మీటర్ల లోతులో మన మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక మెల్లగా ఊపిరితో బయటికి పోతుంది, దానికి గంటలు పడుతుంది. ఈలోపు విమానం ఎక్కితే లోపల గాలి ఒత్తిడి పెద్ద కొండ మీద ఉన్నంత తక్కువ. గోలీసోడా మూత తీసినప్పుడు బుడగలు లేచినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. ఒకసారే దిగితే కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వైద్యులు చెప్పే లెక్క. ఒక రోజు మొత్తం ఉంచుకుంటే మేలు. కాబట్టి స్కూబా హావ్‌లాక్‌లో ఉన్న మొదటి పూటే పెట్టుకోండి, చివరి రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో వద్దు. నీటి మీదే తేలుతూ చేసే స్నార్కెలింగ్‌కు ఈ బాధ లేదు.

పోటు, పాటు

మైపాడులోనో కొత్తపట్నంలోనో ఆటుపోట్ల తేడా ఇసుక మీద నడిచేవాళ్లకు పెద్దగా తెలియదు. అండమాన్‌లో అది రెండు మీటర్ల దాకా ఉంటుంది. నీల్ దీవిలో లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెన ఉంది. పోటు మీదున్నప్పుడు వెళ్తే దాని దాకా నడవలేరు. పాటు సమయంలో వెళ్తే సముద్రం వెనక్కి జరిగి, రాళ్ల మధ్య మోకాలి లోతు గుంటలు మిగులుతాయి. ఒక్కో గుంటలో నీలి రంగు చిన్న చేపలు, నల్లగా లావుపాటి దోసకాయలా పడి ఉండే సముద్రపు జీవి, కదలకుండా ఉందనుకున్న గవ్వ కింద నుంచి కాళ్లు చాపే పీత. ఆ గంటన్నర పిల్లల ఫోన్లు జేబుల్లోనే ఉంటాయి. పాచి పట్టిన రాళ్లు జారతాయి, పగడపు ముక్కలు కోస్తాయి, వెనక పట్టీ ఉన్న చెప్పులు తప్పనిసరి.

పాటు టైమ్ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు మరీ లోపలికి పోతాయి, అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. ఇంట్లో గోడ మీది క్యాలెండర్ చూసి నీల్ రోజును అమావాస్య, పౌర్ణమికి దగ్గరగా పెట్టుకుంటే రాళ్ల గుంటలు బాగా కనిపిస్తాయి. సరిగ్గా ఎన్నింటికో దిగిన వెంటనే హోటల్‌వాళ్లనో ఆటోవాళ్లనో అడగండి. వాళ్లకు నోటికి ఉంటుంది.

ఉప్పునీటి మొసళ్లు అండమాన్‌లో నిజంగా ఉన్నాయి. 2010లో హావ్‌లాక్‌లో ఒక విదేశీ యువతి మొసలి దాడిలో చనిపోయింది. వాగులు సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల దగ్గర నీళ్లలో దిగొద్దు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట ఫోటో కోసం కూడా దిగొద్దు.

బారాటాంగ్ వెళ్లాలా?

ప్యాకేజీల్లో బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం అని ఒక రోజు పెడతారు. తెల్లవారుజామున 3, 4 గంటలకే బయల్దేరి జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో ఆగాలి. అక్కడి నుంచి జరావా ఆదివాసుల అడవి. బండ్లన్నీ కాన్వాయ్‌గా, పోలీసుల వెంట, నిర్ణయించిన టైమ్‌కే వెళ్తాయి. దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, వాళ్లు కనిపిస్తే తిండి ఇవ్వకూడదు. చట్టప్రకారం శిక్షలున్నాయి. బయటి జబ్బులను తట్టుకునే శక్తి వాళ్ల ఒంటికి తక్కువ కాబట్టే ఈ కట్టడి. మడ అడవిలో పడవ ప్రయాణం బాగుంటుందన్న మాట నిజమే. కానీ "జరావాలను చూపిస్తాం" అని ఊరించే ఏజెంటు దగ్గర టికెట్ కొనొద్దు. వాళ్లూ మనుషులే, వాళ్ల ఇంటి మధ్య నుంచి పోతున్నది మనం. ఐదు రాత్రుల ట్రిప్‌లో అయితే నేను బారాటాంగ్ వదిలేస్తాను.

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు

మనకు దగ్గర దారి చెన్నై. ఫ్లైట్ రెండు గంటల పైచిలుకు. ఫ్లైట్లు ఎక్కువగా పొద్దున పూటే ఉంటాయి కాబట్టి నెల్లూరువాళ్లు రాత్రికి రాత్రే కదలాలి, ఒంగోలు, కందుకూరువాళ్లు ముందు సాయంత్రమే. సెంట్రల్ నుంచి ఎయిర్‌పోర్టుకు మెట్రో ఉంది, తెల్లవారుజాము ఫ్లైట్‌కు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. వెళ్లేటప్పుడు కుడి, ఎడమల సంగతి ఎలా ఉన్నా కిటికీ సీటు తీసుకోండి, దిగేముందు పచ్చటి దీవులు, వాటి చుట్టూ లేత నీలి నీళ్లు కనిపిస్తాయి.

ఓడలో వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. కృష్ణపట్నం నుంచి ప్రయాణికుల ఓడ లేదు. చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి ఉన్నాయి. చెన్నై నుంచి దాదాపు మూడు రోజులు, నెలకు కొన్ని ట్రిప్పులే. వారం సెలవు పెట్టుకుని వెళ్లేవాళ్లకు అది కుదరదు.

భారతీయులకు ఈ పర్యాటక దీవులకు పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ప్రతి ఫెర్రీకీ అడుగుతారు, పిల్లలవీ మర్చిపోవద్దు. నికోబార్ దీవులకు మామూలు పర్యాటకులను పంపరు. అమెరికా నుంచి వచ్చిన కొడుకూ కోడలూ విదేశీ పాస్‌పోర్టువాళ్లయితే వాళ్ల నిబంధనలు వేరు, టికెట్ కొనేముందే కనుక్కోండి.

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక నెట్ బాగుపడింది. అయినా చిన్న దీవుల్లో ఫోన్‌పే తిరుగుతూనే ఉండే సందర్భాలు వస్తాయి, నగదు దగ్గర పెట్టుకోండి. కూరగాయలు చాలావరకు ఓడల్లో రావాలి కాబట్టి శాకాహార భోజనం మనకంటే ఖరీదు. చేపలకు లోటు లేదు. పచ్చడి సీసా, కారప్పొడి తీసుకెళ్లేవాళ్లను నేను ఆపను.

భాష గురించి భయం వద్దు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. పోర్ట్‌బ్లెయిర్‌లో మన మాటలు విని "ఏ ఊరండీ మీది?" అని వెనక్కి తిరిగే ఆటో డ్రైవర్ తప్పకుండా దొరుకుతాడు. చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవాళ్లు.

సెల్యులార్ జైలుకు తొందరగా వెళ్లి తొందరగా వచ్చేయకండి. 1906లో కట్టడం పూర్తయినప్పుడు ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక రెక్కలోని గదుల తలుపులు ఇంకో రెక్క వీపు వైపు ఉంటాయి, ఒక ఖైదీ ముఖం ఇంకో ఖైదీకి కనపడకుండా. అల్లూరి సీతారామరాజు వెంట మన్యంలో పోరాడినవాళ్లలో కొందరిని పంపింది ఇక్కడికే. ఒక్క గదిలోకి వెళ్లి, కొన్ని నిమిషాలు తలుపు దగ్గర నిలబడి, పైన ఉన్న చిన్న కిటికీ వంక చూడండి. పిల్లలకు ఏం చెప్పాలో మీకే తోస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు బ్యాగులు సర్దేముందు పిల్లల జేబులు చూడండి. పగడం ముక్క, అది చచ్చి తెల్లబడి ఇసుకలో దొరికినదైనా సరే, తీసుకురావడం వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. చాలా రకాల గవ్వలకూ అదే వర్తిస్తుంది. ఎయిర్‌పోర్టులో స్కానర్‌లో పట్టేస్తారు. గవ్వలు కావాలంటే ప్రభుత్వ ఎంపోరియంలో కొని, బిల్లు బ్యాగులో పైనే పెట్టుకోండి.